ముక్కు సర్జరీ తర్వాత ఇబ్బందులు: ఏది వాపు, ఏది ప్రమాదం?

రెండు వైపులా ముక్కు బిగుసుకుపోయి, పోటు గంటగంటకూ పెరుగుతోంది

దీన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. ముక్కు మధ్య గోడలో రక్తం గూడుకట్టి ఉండవచ్చు. ఆ గోడలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైపొర నుంచే పోషణ అందాలి. రక్తం చేరి పొర విడిపోతే ఎముక లాంటి ఆ భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోయి, ముక్కు దూలం కుంగుతుంది. ములుగులోనో మహబూబాబాద్‌లోనో ఉన్నవాళ్లు తెల్లవారి బస్సు కోసం ఆగకుండా రాత్రికి రాత్రే డాక్టరును చేరాలి. జ్వరం వచ్చినా, వంగినప్పుడు నీళ్లలాంటి ద్రవం కారినా అంతే.

కొన లావుగానే ఉంది

వాపు. దూలం మీద ముందు తగ్గుతుంది, కొన దగ్గర మొండికేస్తుంది. చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఏడాది దాటవచ్చు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు కళ్ల చుట్టూ, చెంపల మీద పెట్టాలి, ముక్కు మీద కాదు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వాపు గట్టిపడితే సర్జన్ కొద్ది మోతాదులో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎక్కువైతే చర్మం పలచబడి గుంట పడుతుంది కాబట్టి, ఇంకొకటి వేయమని పట్టుబట్టకండి. చుట్టాలు చెప్పే మర్దన కూడా వద్దు.

గాలి ఆడదు, లోపల పక్కులు

ఎండిన రక్తమే. కాచి చల్లార్చిన పావు లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపి, సర్జన్ చెప్పిన రోజు నుంచి కడుక్కోవాలి. కుళాయి నీరు నేరుగా వాడవద్దు. వేలితో గిల్లితే రక్తం కారుతుంది. చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య పనిచేసేవారికి ఇది చెప్పినంత సులువు కాదు. వాళ్లు సీజన్ ముగిశాకే ఆపరేషన్ పెట్టుకోవడం మేలు. బీడీ, ఖైనీ మాత్రం ఎప్పుడైనా మానాల్సిందే, నికోటిన్ రక్తనాళాలను కుదించి గాయాన్ని మాననివ్వదు.

దూలం మీద నొక్కు, నల్లదనం

నొక్కు కళ్లజోడు బరువుది, నల్లదనం ఎండది. నాలుగు నుంచి ఆరు వారాలు జోడును నుదుటికి టేపుతో ఆనించి పెట్టుకోవాలి. హనుమకొండ మే ఎండలో టోపీ, గొడుగు తప్పవు. ముక్కుపుడక ఎప్పుడు పెట్టుకోవచ్చో సర్జన్‌నే అడగండి.

వంకర ఇంకా కనబడుతోంది

ఒకే చోట, ఒకే వెలుగులో నెలకొక ఫొటో తీసి ఉంచండి. మళ్లీ సర్జరీ మాట సాధారణంగా ఏడాది నిండాకే ఎత్తుతారు. అప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ ఫొటోలనే.