పోయిన చెట్టుకో చోటు – 3వ పాఠం: నీడ గీత

పోయిన పాఠంలో మీ వీధిలో కొట్టేసిన చెట్టు మొద్దు దగ్గర కాసేపు కూర్చుని, ఆ చెట్టు గురించి ఎవరెవరు ఏం తలుచుకుంటున్నారో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈరోజు నేల మీద పని: ఆ చెట్టు నీడ ఎంతవరకు పడేదో గీత గీసి గుర్తు పెడతాం.

ముందు మాయా లిన్ చేసిన పని చూద్దాం. వాషింగ్టన్‌లో 1982 నాటి వియత్నాం యుద్ధ స్మారకానికి రూపం ఇచ్చింది ఈవిడే. 2021లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ పార్కులో 49 చచ్చిన చెట్లు నిలబెట్టారు. అట్లాంటిక్ వైట్ సీడార్లు, ఒక్కొక్కటి 40 అడుగుల దాకా ఉండేది. న్యూజెర్సీలోని పైన్ బారెన్స్ అనే అడవి ప్రాంతంలో సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొచ్చి ఎండిపోయినవి. చుట్టూ పార్కు పచ్చగా ఉంది, నడుమ ఇవి ఆకు లేకుండా బూడిదరంగులో నిలబడ్డాయి. కొత్త మొక్కలు కూడా నాటించారు, కానీ నగరంలో వేరే చోట్ల. చచ్చిన చెట్ల ముందు వాటిని అడ్డం పెట్టలేదు. ఈ పాఠానికి కావలసింది అదే.

మనం చేసేది దీనికి తిరగేసి. చెట్టు కొట్టిన వారానికే టైల్స్ పరిచేసి ఓ క్రోటన్ కుండీ పెడతాం. ఇక అక్కడ చెట్టు ఉండేదని పిల్లలకు చూపించడానికి కూడా ఏమీ మిగలదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇంటి ముందు వేపచెట్టు పోయింది. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ బియ్యం చాట పట్టుకుని అలవాటుగా అక్కడికే వెళ్లేది. ఎండలో ఒక్క క్షణం నిలబడి వెనక్కి వచ్చేసేది. మొద్దు కంటే ఎక్కువగా ఆమె వెతుక్కున్నది నీడని. నీడ గీత గీయాలన్న ఆలోచన నాకు అక్కడే పుట్టింది.

కావలసినవి పొడుగాటి తాడు, ఒక గూటం, సున్నపు పొడి, ఆ చెట్టు నీడ గుర్తున్న ఇద్దరు పెద్దవాళ్లు. మన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడ కొమ్మల కిందే పడుతుంది. ఆ నీడ అంచే మనకు కావాలి. ఆ పెద్దవాళ్లను "చెట్టు ఎంత పెద్దది?" అని అడగకండి, చేతులు చాచి చూపిస్తారు గానీ కొలత రాదు. "మధ్యాహ్నం మంచం ఎక్కడ వేసుకునేవారు? బండి ఎక్కడ ఆపేవారు?" అని అడగండి. నడిచి వెళ్లి కాలితో చూపిస్తారు. అక్కడ సున్నం చుక్క పెట్టండి. మొద్దు పక్కన గూటం దిగ్గొట్టి, తాడు కట్టి, ప్రతి చుక్కకూ దూరం కొలిచి కాగితం మీద వేసుకోండి. చుక్కలు కలిపితే గుండ్రంగా రాదు. ఒకవైపు ఉబ్బుతుంది, కరెంటు తీగల కోసం కొమ్మలు నరికిన వైపు లోపలికి పోతుంది. దాన్ని సరిచేయకండి, మీ చెట్టు ఆకారం అదే.

తర్వాత ఆ గీత వెంట జానెడు వెడల్పు నాపరాళ్లు నేలకు సమంగా పాతుతాం. కంచె వద్దు. లోపల సిమెంటు అసలే వద్దు, ఎందుకంటే వేళ్లు కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది, ఏటా వానల తర్వాత మట్టి పోసుకోవాలి. మొద్దును కూర్చునే ఎత్తులో, అడుగున్నర ఉంచి, నీళ్లు నిలవకుండా పైభాగం కాస్త వాలుగా కోయించండి. వేప మొద్దు చిగుర్లు వేయొచ్చు. వేస్తే ఉండనివ్వండి. కానీ "చిగురు వచ్చిందిగా, ఇంకా బాధెందుకు" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఆ నీడ మళ్లీ రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, ఈలోపు బాధపడే హక్కు ఆ వీధికి ఉంది.

రాళ్లు ఇప్పుడే తెప్పించకండి. ఈ వారం సున్నపు గీత ఒక్కటే గీసి, రోజూ పొద్దున, సాయంత్రం వెళ్లి చూడండి. జనం తొక్కి ముందుగా ఎక్కడ చెరిగిపోయిందో గుర్తు పెట్టుకోండి. రాళ్లు పాతేటప్పుడు అక్కడ మూడడుగులు ఖాళీ వదులుదాం.