హెచ్చరిక రిసీవర్‌కు ఒక పక్క వినపడకపోతే: పెట్టె మార్చే ముందు చూడవలసినవి

ఒడిశాలోని సునాబెడలో విమాన ఇంజిన్ల కర్మాగారం ఉంది కాబట్టి ఇక్కడి మన తెలుగు పిల్లలకు విమానం అనగానే ఇంజినే గుర్తొస్తుంది. వైమానిక దళంలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి వెళ్లాలనుకుంటున్న జయపురం, రాయగడ, పర్లాకిమిడి పిల్లలు అడుగుతున్నారని ఈ పాఠం తెలుగులో రాస్తున్నాను. శత్రు రాడార్ మనల్ని చూస్తోందని చెప్పేది హెచ్చరిక రిసీవర్. ఆ రాడార్‌ను తికమక పెట్టేది జామర్. చాఫ్ (రాడార్‌ను మోసగించే సన్నని పోగులు), ఫ్లేర్ (వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని మళ్లించే మంట) విసిరేది డిస్పెన్సర్. బరంపురం పక్కన గోపాలపూర్‌లో సైన్యం వారి వాయు రక్షణ కళాశాల ఉంది. విమానాన్ని ఎలా పట్టుకోవాలో అక్కడ నేర్పుతారు. పట్టుబడకుండా కాపాడే పరికరాలను బాగుచేయడం మన పని.

సమస్య: ముప్పు ఒక దిక్కున ఉంటే తెర మరో దిక్కున చూపిస్తోంది

పైలట్లు ఎక్కువగా రాసే స్నాగ్, అంటే లోపం, ఇదే. దీన్ని అర్థం చేసుకుంటే సగం విద్య వచ్చినట్టే.

హెచ్చరిక రిసీవర్‌కు సాధారణంగా నాలుగు యాంటెన్నాలు ఉంటాయి, నాలుగు మూలలకు ఒక్కొక్కటి. ఒకే రాడార్ సంకేతం పక్కపక్కనున్న రెండు యాంటెన్నాలకు ఎంతెంత బలంగా అందిందో పోల్చి రిసీవర్ దిక్కు చెబుతుంది. అంటే ఒక దారిలో సంకేతం బలహీనపడితే దిక్కు రెండో వైపుకు జరిగిపోతుంది. యాంటెన్నా బాగా వినే కోణం, అంటే పుంజం వెడల్పు, 80 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే, 1 డెసిబెల్ (సంకేత బలం తేడాను చెప్పే కొలత) నష్టానికి దిక్కు సుమారు 3 డిగ్రీలు తప్పుతుంది. 6 డెసిబెల్స్ పోతే 18 డిగ్రీలు. పైలట్ విమానాన్ని ఎటు తిప్పాలో నిర్ణయించేది ఆ తెర చూసే. అందుకే దీన్ని చిన్న స్నాగ్ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

కారణం చాలాసార్లు కనెక్టర్‌లో ఉంటుంది. మొన్న వానల్లో మా పక్కింటివారి డాబా మీద టీవీ డిష్ పనిచేయడం లేదంటే ఎక్కి చూశాను. కేబుల్ చివర మర విప్పగానే రెండు చుక్కల నీళ్లు నా వేలి మీద పడ్డాయి. నడుమ ఉండే రాగి తీగకు చిలుము పట్టి పచ్చగా ఉంది. వాళ్లు అప్పటికే సెట్‌టాప్ బాక్స్ మార్చేశారు. విమానంలోనూ కథ ఇంతే. కోయాక్సియల్ కేబుల్‌లోకి (టీవీ డిష్ కేబుల్ లాంటిదే) చేరిన తేమ, వెనక్కి జారిన నడిమి పిన్ను, చేత్తో బిగించి వదిలేసిన మర, గట్టిగా వంచినప్పుడు నలిగిన కేబుల్. ఇవి కాకపోతే యాంటెన్నా మూత మీద ఎవరో మందంగా వేసిన రంగు.

పరిష్కారానికి ముందు ఒక పరీక్ష. రిసీవర్ దగ్గర ఎడమ, కుడి యాంటెన్నా కేబుళ్లను ఒకదాని స్థానంలో ఒకటి తగిలించి, రాడార్ లాంటి సంకేతం పంపే చేతి టెస్టర్‌తో మళ్లీ చూడండి. బలహీనత రెండో పక్కకు మారితే లోపం కేబుల్‌లోనో యాంటెన్నాలోనో ఉంది. మారకుండా అక్కడే ఉంటే అప్పుడు రిసీవర్‌ను అనుమానించండి. కేబుల్‌లో ఎక్కడ అన్నది తెలియాలంటే, దానిలోకి చిన్న పల్స్ పంపి ప్రతిధ్వని వచ్చే సమయం కొలిచే పరికరం వాడతారు. సంకేతం ఆ కేబుల్‌లో కాంతి వేగంలో 70 శాతంతో వెళ్తుందనుకుంటే, 10 నానోసెకన్లకు ప్రతిధ్వని వస్తే లోపం దాదాపు ఒక మీటరు దూరంలో ఉన్నట్టు. మళ్లీ బిగించేటప్పుడు, ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే టార్క్ స్పానరే వాడాలి. వేళ్ల అంచనా పనికిరాదు. పరీక్ష అయ్యాక కేబుళ్లను వాటి అసలు స్థానాల్లో పెట్టారో లేదో మరొకరి చేత చూపించండి.

ఒక స్థావరంలో మేము రెండు రోజుల్లో మూడు రిసీవర్లు మార్చాం. చివరికి భూతద్దం పెట్టి చూస్తే కనెక్టర్‌లో ఒక పిన్ను మిగతావాటికంటే గోరుమందం లోపలికి ఉంది. తీసిన మూడు పెట్టెలూ బాగున్నవే.

సమస్య: ఆకాశంలో ఎవరూ లేకపోయినా హెచ్చరిక మోగుతోంది

మన రాడార్‌నే మన రిసీవర్ వింటున్నదేమో చూడండి. రాడార్ పల్స్ విడిచే ప్రతిసారీ ఒక తీగ ద్వారా రిసీవర్‌కు చెప్పి, ఆ క్షణం చెవి మూసుకోమంటుంది. ఆ తీగ తెగితే సొంత గొంతే శత్రువుదిలా వినిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ రండి. ఏది ఆపినప్పుడు మోత ఆగిందో దాని తీగను వెతకండి. అన్నీ ఆపినా మోగుతుంటే బయటి నుంచి వస్తున్న ఏదో మామూలు రాడార్‌ను రిసీవర్‌లోని ముప్పుల జాబితా తప్పుగా పోల్చుకుంటూ ఉండవచ్చు. ఆ జాబితాను స్క్వాడ్రన్‌లో ఎవరూ సొంతంగా సరిచేయకూడదు. సంకేతం వివరాలు రాసి, ఆ జాబితాను తయారుచేసే విభాగానికి పంపాలి.

సమస్య: జామర్ నేల మీద బాగుంది, పైకి వెళ్తే ట్రిప్ అవుతోంది (తనంతట తానే ఆగిపోతోంది)

మన కొండ మీద గాలి పలుచన కాబట్టి పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుందని ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. అదే గాలి 12 కిలోమీటర్ల ఎత్తున సముద్రమట్టంలో ఉన్న పీడనంలో ఐదో వంతే ఉంటుంది. పలుచని గాలిలో హైవోల్టేజి సులువుగా దూకుతుంది. జామర్ సంకేతాన్ని బలపరిచే ట్రావెలింగ్ వేవ్ ట్యూబుకు కొన్ని వేల వోల్టులు కావాలి. అందుకే ఆ భాగాన్ని పీడనంతో మూసి ఉంచుతారు. రబ్బరు సీలు పగిలి పీడనం కారిపోతే పైన నిప్పురవ్వ దూకి, రక్షణ వలయం కరెంటు కట్ చేస్తుంది. హ్యాంగర్‌లో ఎన్నిసార్లు నడిపినా తప్పు కనపడదు.

పీడనం నింపి, నిర్ణీత సమయం తర్వాత మీటరు చూడండి. తగ్గితే సీలు మార్చండి. చల్లని గాలి వచ్చే దారి మూసుకుపోయిందేమో కూడా చూడండి, వేడెక్కినా ట్రిప్ అవుతుంది. ఆన్ చేసిన వెంటనే సంకేతం బయటికి రావడం లేదని కంగారు పడకండి, ట్యూబు కాథోడ్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు కావాలి.

రెండు జాగ్రత్తలు మీ ప్రాణానికి సంబంధించినవి. కరెంటు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, ఎర్తింగ్ కర్రతో తాకించకుండా చేయి పెట్టకండి. హ్యాంగర్‌లో డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు శక్తిని తనలోనే పీల్చుకునే భాగం) తగిలించకుండా జామర్ నడపకండి.

సమస్య: డిస్పెన్సర్ పేలడం లేదు, లేదా పేలినా చాఫ్ విచ్చుకోవడం లేదు

చక్రాల మీద బరువు ఉన్నంతసేపు, అంటే విమానం నేల మీద ఉన్నంతసేపు, కాల్పు సంకేతం వెళ్లకుండా ఒక స్విచ్ ఆపుతుంది. ఎర్ర పట్టీ ఉన్న సేఫ్టీ పిన్నుదీ అదే పని. ముందు ఆ రెండింటినీ చూడండి. పరీక్ష కోసమని స్విచ్‌ను తీగతో కలిపేసి మోసగించడం ఎన్నడూ చేయకండి. చాఫ్, ఫ్లేర్ గుళికలు నింపే ముందు వలయంలో ఎక్కడా వోల్టేజి లేదని మీటరుతో చూసిన తర్వాతే ఆయుధ సిబ్బంది దగ్గరకు రావాలి.

విచ్చుకోకపోవడానికి కారణం చాలాసార్లు తేమ. చాఫ్ అంటే అల్యూమినియం పూసిన సన్నని గాజు పోగులు. వాటి పొడవు రాడార్ తరంగం పొడవులో సగం ఉంటే బాగా ప్రతిఫలిస్తాయి. 10 గిగాహెర్ట్జ్‌కు తరంగం 3 సెంటీమీటర్లు, పోగు 1.5 సెంటీమీటర్లు. 1943 జులైలో హాంబర్గ్ మీద దాడి చేసిన బ్రిటిష్ విమానాలు మొదటిసారి వెదజల్లింది ఇదే పని చేసే రేకు ముక్కలను. పోగులు విడివిడిగా తేలితేనే మేఘం అవుతుంది. తడి తగిలి ఉండకట్టినవి ఒకే ముద్దగా రాలిపోతాయి, రాడార్‌కు అది లెక్కలోకి రాదు. నిల్వ గదిలో తేమ చూపే నీలి సిలికా గుళికలు గులాబీ రంగుకు మారితే ఆ పెట్టెలోని చాఫ్‌ను విమానానికి ఎక్కించకుండా పక్కన పెట్టి, పై వారికి రాతపూర్వకంగా చెప్పండి.