పీఎం కిసాన్ ఆగిందా? ఊరికి బస్సెక్కే ముందు ఇది చూడండి

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెద్దాయనకు మూడు విడతలుగా పీఎం కిసాన్ డబ్బులు పడలేదు. రెండు రోజుల జీతం పోగొట్టుకుని కదిరి వెళ్లారు. అక్కడ ఒకతను "నీ పేరు తీసేశారు, మళ్లీ ఎక్కిస్తా" అని 800 తీసుకున్నాడు. నిజానికి పేరు ఎక్కడికీ పోలేదు. ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంచుకుని బెంగళూరులో పనిచేసుకునే మనవాళ్లలో ఎవరికైనా ఇలా జరగొచ్చు.

ముందుగా పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో ‘నో యువర్ స్టేటస్’ తెరవండి. రిజిస్ట్రేషన్ నంబర్ గుర్తులేకపోతే ఫోన్ నంబరుతోనో ఆధార్‌తోనో అక్కడే దొరుకుతుంది. ఓటీపీ కొట్టాక వచ్చే పేజీలో మూడు విషయాలు చూడాలి: ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు పథకానికి జతయ్యాయా), ఈ-కేవైసీ (ఆధార్‌తో మీరే అని నిర్ధారణ అయిందా), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఆధార్ బ్యాంకు ఖాతాకు జతయిందా). ‘నో’ ఎక్కడుందో పని అక్కడే.

ఈ-కేవైసీకి ఊరెళ్లక్కర్లేదు. ఆధార్‌కు ఫోన్ లింకై ఉంటే ఓటీపీతో అయిపోతుంది. లేదంటే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు, సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్‌లో వేలిముద్ర వేసినా సరే. యాప్ ప్లే స్టోర్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైల్ నొక్కితే ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదముంది. ల్యాండ్ సీడింగ్ ‘నో’ అని ఉంటే మాత్రం పట్టాదారు పాస్ పుస్తకం, 1బీ (భూమి రికార్డు నకలు), ఆధార్ తీసుకుని ఊళ్లో రైతు సేవా కేంద్రానికి వెళ్లాల్సిందే.

ఎక్కువ మంది తడబడేది మూడో దగ్గర. పెద్దాయనకు మూడూ ‘యెస్’ అనే ఉన్నాయి. మరి డబ్బులేవీ? ప్లాస్టిక్ కవర్లోంచి రెండు పాస్‌బుక్‌లు తీశారు. ఒకటి నలిగిపోయిన ఊరి బ్యాంకుది. రెండోది జీతం కోసం ఇక్కడ తెరిపించింది, అట్ట మీద ముడత కూడా లేదు. ఆధార్ ఎన్ని ఖాతాలకైనా లింకవుతుంది. కానీ ప్రభుత్వం డబ్బు వెళ్లేది ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర, మీ ఆధార్‌కు మ్యాప్ అయిన ఒక్క బ్యాంకుకే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు మనం చూడకుండా పెట్టిన సంతకంతో ఆ మ్యాపింగ్ మారిపోవచ్చు. పీఎం కిసాన్‌తో పాటు గ్యాస్ సబ్సిడీ, ఉపాధి కూలి లాంటివీ అటే వెళ్తాయి.

మై ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఆ బ్యాంకు పేరు కనిపిస్తుంది. పెద్దాయనది బెంగళూరు బ్యాంకే. కొత్త పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయిస్తే 2000 చొప్పున మూడు సార్లు పడి ఉన్నాయి. ఆయన వేలు పెట్టి ఒక్కో వరుసా రెండు సార్లు చూసుకున్నారు.

డబ్బు వేరే ఖాతాకు రావాలంటే ఆ ఖాతా ఉన్న బ్రాంచిలో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి. కౌంటర్లో "ఆధార్ లింక్ చేయండి" అంటే "ఎప్పుడో అయింది" అని పంపేస్తారు. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్ మార్చండి" అని అడగండి. డీబీటీ అంటే ప్రభుత్వం డబ్బు నేరుగా ఖాతాలో పడటం. ఫారం ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కొన్ని రోజులాగి మై ఆధార్‌లో మళ్లీ చూడండి.

మూడూ సరిగ్గా ఉండి, డబ్బు ఏ ఖాతాలోనూ లేకపోతే అనుమానిత కేసుల్లో పెట్టి ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరికీ డబ్బు పడుతున్నా, 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరు మీదికి వచ్చినా పరిశీలన పూర్తయ్యేదాకా ఆపుతున్నారు. తండ్రి పోయాక వారసత్వంగా వచ్చిన భూమైతే భయపడకండి, దానికి మినహాయింపు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, పేరు మార్పిడి కాగితాలు మండల వ్యవసాయాధికారికి చూపించండి. ఈ లోపు ఎవరైనా ‘వాలంటరీ సరెండర్’ నొక్కమంటే నొక్కొద్దు. అది పథకం వదులుకోవడానికి పెట్టిన బటన్.

సందేహం ఉంటే హెల్ప్‌లైన్ 155261. రిజిస్ట్రేషన్ నంబర్ దగ్గర పెట్టుకుని చేయండి.