చిన్న పిల్లలతో విదేశంలో కొత్త కాపురం: మొదటి ఏడాది నిలదొక్కుకోవడం ఎలా?

విదేశానికి మారబోయే కుటుంబాలు రాసుకునే జాబితాల్లో అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఉంటాయి. మూడేళ్ల పిల్ల తెల్లవారుజామున మూడు గంటలకు లేచి కూర్చుని ఆడుకుందాం రమ్మంటే ఏం చేయాలో మాత్రం ఉండదు. ఐదేళ్లలోపు పిల్లలకు దేశం మారడమంటే నిద్ర వేళ, భోజనం వేళ, రోజూ చూసే ముఖాలు, చెవిన పడే మాట అన్నీ ఒక్కసారే మారిపోవడం. అందుకే నా సలహా ఇది: ఇల్లు సర్దడం ఆలస్యమైనా పర్వాలేదు, ముందు పిల్లల రోజును సర్దండి. అట్టపెట్టెలు నెల తర్వాత విప్పినా కొంప మునిగిపోదు.

1. బయలుదేరే ముందు చేతిసంచి సిద్ధం చేసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది టీకాల కార్డు. చేతిరాతతో నిండిన పాత కార్డును అలాగే తీసుకెళ్లకుండా, ప్రతి టీకా పేరు, వేసిన తేదీ స్పష్టంగా టైపు చేయించి, పిల్లల డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. టీకాల పట్టిక దేశానికో తీరుగా ఉంటుంది. ఉదాహరణకు క్షయకు వేసే బీసీజీ టీకా అమెరికాలో పిల్లలందరికీ వేయరు. ఆ టీకా వేయించుకున్న పిల్లలకు చర్మం మీద చేసే క్షయ పరీక్షలో, వ్యాధి లేకపోయినా పాజిటివ్ రావచ్చు. కార్డులో బీసీజీ తేదీ కనిపిస్తే డాక్టరు రక్తపరీక్ష సంగతి ఆలోచిస్తారు. కనిపించకపోతే అనవసరమైన కంగారు మొదలవుతుంది.

జనన ధ్రువపత్రానికి అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర, ఇక్కడ ఉండగానే వేయించుకోండి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఆ ముద్ర చెల్లుతుంది. మీరు వెళ్లే దేశం అందులో లేకపోతే ఆ దేశ రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాల్సి రావచ్చు. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలతో ప్రయాణిస్తుంటే రెండోవారి సమ్మతిపత్రం నోటరీ చేయించి దగ్గర ఉంచుకోండి. పిల్లలు రోజూ వాడే మందులు ఏవైనా ఉంటే చీటీ మీద కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించండి.

ఇక పిల్ల పట్టుకుని పడుకునే దుప్పటి ముక్కో, చెవి ఊడిన కుందేలు బొమ్మో ఉంటుంది కదా, దాన్ని పెద్ద పెట్టెలో వేయకండి. మీతోపాటు విమానంలోకి తీసుకెళ్లండి. ప్రయాణానికి ముందు దాన్ని ఉతకనూ వద్దు. కొత్త ఇంట్లో మొదటి రాత్రి పాత ఇంటి వాసన ఉండేది దానికొక్కదానికే.

2. మొదటి వారం నిద్ర మీదే పెట్టండి

మన ఒంట్లోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున కొత్త వేళకు జరుగుతుంది. పది గంటల తేడా ఉన్న దేశానికి వెళ్తే వారం, పది రోజులు పట్టడం సహజం. తూర్పుకు ప్రయాణించినప్పుడు ఇంకాస్త కష్టం. ఈ జరుపుడుకు అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది వెలుగు. అందుకని చాలామందికి పనికొచ్చే పద్ధతి, పొద్దున్నే పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్లడం, రాత్రి ఇంట్లో దీపాలు తగ్గించడం. పగటి కునుకు పూర్తిగా మాన్పించకండి. అది సాయంత్రం దాకా సాగకుండా లేపితే చాలు.

అర్ధరాత్రి లేచిన పిల్లను తిట్టి పడుకోబెట్టలేరు. చిన్న దీపం వేసి, ఆకలేస్తే ఏదైనా తినిపించి, చప్పుడు లేని ఆట ఆడించండి. ఫోను, టీవీ మాత్రం వద్దు. ఆ వెలుగుకు ఉన్న కాస్త నిద్రా పారిపోతుంది. నిద్ర కోసం మెలటోనిన్ అనే మందు కొన్ని దేశాల్లో చీటీ లేకుండానే దొరుకుతుంది. దొరుకుతోంది కదా అని డాక్టరును అడగకుండా చిన్న పిల్లలకు వేయకండి.

ఆఫీసుల చుట్టూ తిరిగే పనులు ఆ వారం పెట్టుకోకపోతే మంచిది. తప్పకపోతే తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్లండి.

3. ఇల్లు, కారు

ఇల్లు చూసుకునేటప్పుడు నేల మీద కూర్చుని ఒకసారి చుట్టూ చూడండి. పిల్లలకు అందేవేవో అక్కడినుంచే తెలుస్తుంది. పై అంతస్తుల్లో కిటికీ ఎంత మేర తెరుచుకుంటుందో చూసి, అడ్డు బిగించమని ఇంటి యజమానిని అడగండి. సొరుగుల బీరువాలు, టీవీలు గోడకు బిగించాలి. కుళాయి తిప్పగానే వచ్చే వేడినీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చేయి పెట్టి చూసుకోండి. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వేయడాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో గోడ రంగు పెచ్చులూడుతుంటే, పాకే పిల్లలు ఉన్నవారు ఆ ఇల్లు వదులుకోవడమే తెలివైన పని.

కారులో పిల్లల సీటు చాలా దేశాల్లో చట్టప్రకారం తప్పనిసరి. ఐరోపాలోని ఆర్129 ప్రమాణం ప్రకారం అమ్మే సీట్లలో కనీసం 15 నెలల వయసు వరకు బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలి. చలిదేశాల్లో కొత్తవారికి తట్టని సంగతి ఒకటుంది. మందపాటి కోటు మీద బెల్టు బిగిస్తే, బిగిసినట్టే కనిపించి లోపల వదులుగా ఉంటుంది. కోటు విప్పి, బెల్టు పెట్టి, ఆ పైన కోటును దుప్పటిలా కప్పండి. కొన్ని చోట్ల టాక్సీలకు ఈ నియమం వర్తించదు. చట్టం మినహాయించినా ప్రమాదం మినహాయించదు కాబట్టి, వీలైనంతవరకు సీటు ఉన్న టాక్సీనే పిలవండి.

4. జ్వరం రాకముందే డాక్టరును వెతకండి

బ్రిటన్ వంటి దేశాల్లో ముందుగా దగ్గరలోని కుటుంబ వైద్యుల క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చాలాచోట్ల నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి నిపుణుణ్ణి చూడటం కుదరదు. ఈ పద్ధతి మొదట్లో చిరాకు పెడుతుంది. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ రాయరు, నీళ్లు తాగించి విశ్రాంతి ఇవ్వమంటారు. అది నిర్లక్ష్యమేమీ కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారన్‌హీట్. ఈ రెండు అంకెలూ థర్మామీటరు డబ్బా మీద రాసి పెట్టుకోండి. మూడు నెలలు నిండని బిడ్డకు అంత జ్వరం వస్తే ఆలోచించకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. పారాసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. మందు ఒకటే అయినా సిరప్ గాఢత వేరు: బ్రిటన్‌లో పసిపిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, అమెరికాలో 160. ఇంటి నుంచి తెచ్చిన సీసా, అక్కడ కొన్న సీసా పక్కపక్కన పెట్టుకుని ‘ఎప్పుడూ ఒక చెంచానే కదా’ అనుకోవడం ప్రమాదం. లేబుల్ చదివి, బిడ్డ బరువుకు ఎంత వేయాలో మందుల షాపులోనే అడగండి. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు డాక్టరు చెప్పనిదే అసలు వేయకూడదు.

అత్యవసర నంబరు ఐరోపా సమాఖ్య దేశాల్లో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. నంబరు అందరూ రాసుకుంటారు. చిరునామా దగ్గర తడబడతారు. వీధి పేరు పలకడం అలవాటయ్యేదాకా ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరూ దాన్ని బయటికి చెప్పి చూసుకోవాలి. పక్కన బిడ్డ ఏడుస్తుంటే నోరు తిరగదు.

5. పిల్లల విషయంలో ఆ దేశ చట్టం తెలుసుకోండి

మొహమాటం లేకుండా చెప్పాల్సిన విషయమిది. పిల్లల్ని కొట్టడాన్ని స్వీడన్ 1979లోనే నిషేధించింది. ఆ తర్వాత జర్మనీ 2000లో, న్యూజిలాండ్ 2007లో, స్కాట్లాండ్ 2020లో, వేల్స్ 2022లో ఆ బాట పట్టాయి. అలాంటి దేశాలు ఇప్పుడు 60కి పైగా ఉన్నాయి. ‘మా పిల్లలు మా ఇష్టం’ అనే మాట అక్కడ చెల్లదు. పిల్లల్ని ఒంటరిగా ఇంట్లోనో కారులోనో వదలడం మీద కూడా ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది. కారులో ‘రెండు నిమిషాలే కదా’ అని వదలడం, చట్టం సంగతి ఎలా ఉన్నా, ఎండలో ప్రాణాంతకం. చట్టానికి భయపడి మానేసినా మంచిదే, పిల్లలకైతే కారణంతో పని లేదు.

6. డే కేర్, బడి: పేరు ముందే రాయించండి, అలవాటు నిదానంగా చేయండి

ఏ దేశంలో ఏ వయసుకు బడి అనేది వెళ్లేముందే చూసుకోండి. ఇంగ్లాండ్‌లో చాలామంది నాలుగేళ్లకే బడిలో చేరతారు. ఫిన్లాండ్‌లో అసలు చదువు ఏడో ఏట మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో 2019 నుంచి మూడేళ్లకే బడి తప్పనిసరి. జర్మనీలో ఏడాది నిండిన బిడ్డకు డే కేర్‌లో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉన్నా నగరాల్లో చోటు దొరకడం వేరే సంగతి. నిరీక్షణ జాబితాలో పేరు రాయించడానికి ఇల్లు కుదిరేదాకా ఆగొద్దు.

చేర్చే పద్ధతిలో జర్మనీలో చాలాచోట్ల పాటించే బెర్లిన్ పద్ధతి నాకు నచ్చుతుంది. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో ఓ గంటపాటు పిల్లతోపాటే గదిలో ఓ మూల కూర్చుంటారు. విడిచి వెళ్లరు. నాలుగో రోజు కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి వస్తారు. పిల్ల టీచరు ఓదార్పుకు ఊరుకుంటే ఆ సమయం పెంచుతారు, ఊరుకోకపోతే ఇంకొన్నాళ్లు ఆగుతారు. ఉద్యోగంలో చేరే తేదీని ఈ వారాలు వదిలి పెట్టుకోండి. మీరు వెళ్లిన దేశంలో ఈ పద్ధతి లేకపోయినా, మొదటి రోజుల్లో కాసేపు కూర్చోనివ్వమని అడగడంలో తప్పు లేదు.

పిల్ల ఆటలో పడగానే చెప్పకుండా జారుకోవడం మాత్రం వద్దు. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది, మరుసటి రోజు నుంచి మీ చెంగు వదలదు. చెప్పే మాట చిన్నదిగా ఉండాలి: ‘నువ్వు నిద్ర లేచాక వస్తాను.’ మూడేళ్ల పిల్లకు నాలుగు గంటలంటే ఏమిటో తెలియదు, నిద్ర తర్వాత అంటే తెలుస్తుంది. చెప్పిన వేళకు తలుపు దగ్గర కనిపించండి.

మొదటి ఏడాది జలుబులు తప్పవు. ఒకటి తగ్గేలోపు ఇంకోటి వస్తుంది. జ్వరం పూర్తిగా తగ్గి 24 గంటలయ్యేదాకా పంపవద్దనే నియమం చాలా డే కేర్లలో ఉంటుంది. ఆ రోజుల్లో సెలవు ఎవరు పెట్టాలో భార్యాభర్తలు ముందే మాట్లాడుకుంటే పొద్దున ఏడింటికి గొడవ ఉండదు.

7. ఇంటి భాషను వదలకండి

కొత్త భాష త్వరగా రావాలని ఇంట్లో కూడా అదే మాట్లాడే తల్లిదండ్రులు ఎక్కువే. అది అనవసరం. రెండు భాషలు వింటూ పెరగడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు సగం సగం వచ్చిన భాషలో బిడ్డను బుజ్జగించడం, కథ చెప్పడం, ఎందుకు ఏడుస్తోందో అడగడం సాధ్యపడదు కూడా. కొత్త భాష డే కేర్ చూసుకుంటుంది. ఇంటి భాషను మీరు తప్ప ఇంకెవరూ చూసుకోరు.

కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు కొందరు వారాల తరబడి, ఒక్కోసారి కొన్ని నెలలు, అక్కడ పెదవి విప్పరు. వింటూ పోగుచేసుకునే దశ అది. ఇంట్లో గలగలా మాట్లాడుతూ, అక్కడ వేళ్లతో చూపిస్తూ, తోటి పిల్లల్ని గమనిస్తూ ఉంటే బెంగపడక్కర్లేదు. ‘వాళ్ల భాషలో ఒక మాట చెప్పు’ అని చుట్టాల ముందు నిలబెట్టకండి.

ఈ దశలో ఒక చిన్న ఏర్పాటు చాలా పనికొస్తుంది. మీ పిల్ల వాడే ముఖ్యమైన మాటలు ఓ పదింటిని, నీళ్లు, నొప్పి, భయం, ఆకలి, అమ్మ కావాలి వంటివి, ఆ దేశపు లిపిలో పలికేలా రాసి, పక్కన అర్థం రాసి టీచరుకు ఇవ్వండి. మూత్రానికి మీ ఇంట్లో వాడే ముద్దుమాటను అందులో అన్నిటికన్నా పైన రాయండి. చాలా ఏడుపులు అక్కడే మొదలవుతాయి.

అయితే అన్నిటినీ కొత్త భాష మీదికి నెట్టడమూ సరికాదు. ఏడాదిన్నర దాటినా ఏ భాషలోనూ ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా వినికిడి పరీక్ష చేయించి డాక్టరును అడగండి. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెట్టమనండి.

8. వీడియో కాల్, బయటి గాలి

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కదలకుండా తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, ఏడాదిలోపు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలతో వీడియో కాల్‌ను మాత్రం అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ లెక్క నుంచి మినహాయించింది. ‘తాతయ్యకు హలో చెప్పు, నవ్వు, పాట పాడు’ అనే కాల్స్‌ వల్ల ఎవరికీ సంతోషం ఉండదు. ఒకే బొమ్మల పుస్తకం ఇక్కడొకటి, అక్కడొకటి పెట్టుకుని, వాళ్లు చదువుతుంటే పిల్ల పేజీలు తిప్పితే పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి.

చలికాలంలో పొద్దు తక్కువగా ఉండే దేశాల్లో, ముఖ్యంగా ముదురు చర్మం ఉన్నవారికి, ఒంట్లో విటమిన్ డి చాలకపోవచ్చు. బ్రిటన్‌లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి ఇవ్వమని ప్రభుత్వ వైద్యసేవే చెబుతుంది. మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి. చలికి భయపడి పిల్లల్ని నెలల తరబడి ఇంట్లో మూసిపెట్టకండి. ఉత్తర ఐరోపాలో పసిపిల్లల్ని తోపుడుబండిలో ఆరుబయటే నిద్రపుచ్చుతారు. అంత దూరం పోనక్కర్లేదు గానీ, తగిన బట్టలు వేసి రోజుకో గంట బయట తిప్పితే రాత్రి నిద్ర మీకే కలిసొస్తుంది.

9. మీకూ మనుషులు కావాలి

ఒకరు ఆఫీసుకు వెళ్లి కొత్త పరిచయాలు చేసుకుంటారు. రెండోవారు నాలుగు గోడల మధ్య మాట పూర్తిగా రాని పిల్లతో సాయంత్రం దాకా గడుపుతారు. కాపురాల్లో చిటపటలకు ఇది పెద్ద కారణం, మన వాళ్లు దీన్ని పైకి ఒప్పుకోరు. వారంలో ఒక పూటైనా ఇంట్లో ఉండేవారు పిల్లలు లేకుండా ఒంటరిగా బయటికి వెళ్లే వీలు ఉండాలి. దాన్ని క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంటే తప్ప అది జరగదు. వారాల తరబడి దిగులు, నిద్రలేమి వెంటాడుతుంటే, ముఖ్యంగా కాన్పయి ఏడాది కాని తల్లుల్లో, డాక్టరుతో చెప్పండి.

స్నేహితులను వెతకడానికి మంచి చోటు ఊరి గ్రంథాలయం. చాలా దేశాల్లో అక్కడ చిన్న పిల్లలకు ఉచితంగా కథల గంట ఉంటుంది. వారం వారం అదే రోజున, అదే వేళకు వెళ్లండి. మూడో నాలుగో సారికి ముఖాలు గుర్తుపడతారు, మాట తనంతట తానే కలుస్తుంది.

ఈ పరిచయాలకు గడువు కూడా ఉంది. డే కేర్ ఫారంలో, మీరు దొరకనప్పుడు ఫోన్ చేయాల్సిన వ్యక్తి పేరు రాయమని ఒక గడి ఉంటుంది. కొత్తగా వచ్చిన చాలా కుటుంబాలు అక్కడ వేల మైళ్ల అవతలి చుట్టాల నంబరు రాస్తాయి, లేదా ఖాళీగా వదిలేస్తాయి. పావుగంటలో నడిచి రాగల మనిషి పేరు అక్కడ ఉండాలి. పక్కింటివారినో, గ్రంథాలయంలో పరిచయమైన తల్లినో నేరుగా అడగండి. వాళ్ల ఫారంలో మీ పేరు రాసుకోవచ్చని కూడా చెప్పండి. వాళ్లలోనూ చాలామందికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది.