ధమ్మిల్లం చుట్టే పద్ధతి

అమరకోశం ‘ధమ్మిల్లః సంయతాః కచాః’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కట్టి ముడిచిన జుట్టన్నమాట. కావ్యాల్లో పూలు తురిమిన నిండు కొప్పుకి ఈ మాట వాడారు. మా కోనసీమ పెళ్ళిళ్ళలో ఆ పేరెత్తితే ఎవరూ పలకరు గానీ, “మెడ మీదకి పెద్ద కొప్పండీ” అంటే చాలు, పీట వేసేస్తారు.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. నన్నడిగితే ఒత్తు జుట్టుతోనే తంటా ఎక్కువ, బరువుకి జారిపోతుంది. అందుకే తలంటు ముందురోజే కానివ్వండి. అప్పుడే ఆరిన జుట్టు ముడికి ఆగదు. కొబ్బరినూనె అరచేతికి అంటీ అంటనట్టు రాసి, పాపిడి తీసి, మెడకి కాస్త పైన నల్లదారంతో బిగించి కట్టాలి. సవరం పెట్టేదీ ఆ కట్టు దగ్గరే. తర్వాత వదులుగా జడ అల్లి, కట్టు చుట్టూ తిప్పి, కొస అడుగుకి దోపండి.

అసలు పనితనం పిన్నులో ఉందండి. యూ పిన్నుతో ముందు కొప్పు అంచుని కొంచెం పట్టాలి, ఆనక తలమీది జుట్టుని అందుకోవాలి, అప్పుడు పిన్ను తిప్పి కట్టు వైపుకి లోపలికి తొయ్యాలి. తిన్నగా గుచ్చితే పీటల మీద తల వంచగానే ఊడి వస్తుంది. చుట్టూ వేశాక పిల్లని తల అటూ ఇటూ ఊపమనండి. కదిలిందా, మళ్ళీ వేయడమే. పైన సన్నని వల తొడిగితే పూలదండ దానికి కుట్టేయొచ్చు.

పూలు కడియపులంక మార్కెట్‌లో తెచ్చుకుంటే మొగ్గ మల్లెలే అడగండి. పొద్దున్నే విచ్చినవి ముహూర్తానికి వాడిపోతాయి. కనకాంబరాలైతే బరువుండవు, నిలుస్తాయి కూడా. మొగలిరేకు పెడతానంటే అంచుల ముళ్ళతోపాటు వెనక ఈనె మీదవీ చాకుతో తీసెయ్యాలి. ఆ వెనకవి చాలామంది చూసుకోరు, మెడ గీరుకుపోతుంది.

విప్పేటప్పుడు ముందు దండ, తర్వాత పిన్నులు, ఆఖర్న దారం. కత్తెర మాత్రం పెళ్ళికూతురి చేతికివ్వకండి. నిద్రమత్తులో దారంతోపాటు జుట్టూ తెగుతుంది.