సర్వర్‌కు డబ్బు కట్టే ముందు

మీవాళ్లంతా కలిసి మాట్లాడుకునే చోటును డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్‌తో నడపాలనుకుంటున్నారా? చవకగా దొరికే షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) జోలికి పోకండి. డిస్కోర్స్‌కు డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే సాధనం), రూట్ అనుమతి (సర్వర్‌పై పూర్తి అధికారం) కావాలి కాబట్టి వీపీఎస్ (మీకంటూ విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకోవాలి. ర్యామ్ కనీసం 1 జీబీ, తోడుగా స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా). నన్నడిగితే 2 జీబీ తీసుకోండి. ర్యామ్ చాలక అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే పడే అవస్థ ఇంతా అంతా కాదు.

చాలామంది మరిచిపోయేది మెయిల్. కొత్తవాళ్లు చేరాలన్నా, పాస్‌వర్డ్ మార్చుకోవాలన్నా మెయిల్ వెళ్లాల్సిందే. చాలా హోస్టింగ్ కంపెనీలు సర్వర్ నుంచి మెయిల్ బయటికి వెళ్లే దారిని, అంటే 25వ పోర్టును మూసి ఉంచుతాయి. తెరుస్తారో లేదో ముందే అడగండి, లేదంటే మీ తరఫున మెయిల్ పంపే వేరే ఎస్‌ఎంటీపీ సేవ చూసుకోండి.

సభ్యులు ఇక్కడివాళ్లయితే ముంబై, హైదరాబాద్ డేటా సెంటర్లు మేలు.

మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర అడగండి. డొమైన్ మీ పేరునే ఉండాలి. బ్యాకప్‌ను అదే సర్వర్‌లో వదిలేయకండి, మనుషులు ఏళ్లతరబడి రాసుకున్న మాటలవి. వేరేచోట ఒకసారి రీస్టోర్ చేసి చూసుకోండి.