విదేశీ టెలికాం షేర్లు కొనడానికి డాలర్లు పంపడం ఎలా: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు విధానం

రాత్రికి రాత్రి అమెరికా మార్కెట్ పడిందని తెలిసి, పొద్దున్నే బ్యాంకుకు వెళ్లి డాలర్లు పంపి, అదే ధరకు వెరైజనో ఏటీ అండ్ టీనో కొనేయాలంటే కుదరదు. ఫారం నింపాలి, బ్యాంకు పరిశీలించాలి, డబ్బు అవతలి బ్రోకర్ ఖాతాలో పడాలి. అంతా సవ్యంగా జరిగినా రెండు మూడు పని దినాలు గడుస్తాయి. మొదటిసారి పంపేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. మార్కెట్ ఊగిసలాడే రోజుల్లో కొనాలనుకుంటే, అది నిమ్మళంగా ఉన్నప్పుడే కాగితాల పని ముగించి పెట్టుకోవాలి. పతనం మొదలయ్యాక దరఖాస్తు పెట్టేవారు హడావుడిలో తప్పులు రాస్తారు. ఆ తప్పుల వల్లే డబ్బు మధ్యలో ఆగిపోతుంది.

ఎవరు పంపవచ్చు, ఎంత, దేనికి పంపకూడదు

ఈ చెల్లింపులన్నీ రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ (ఎల్‌ఆర్‌ఎస్) కిందికి వస్తాయి. 2004లో 25,000 డాలర్లతో మొదలైన పరిమితి ఇప్పుడు ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. భారతదేశంలో నివసించే వ్యక్తులకే ఈ అవకాశం ఉంది. హిందూ అవిభక్త కుటుంబం, భాగస్వామ్య సంస్థ, ట్రస్టు పేరు మీద పంపలేరు. మైనర్ పేరు మీద అయితే సంరక్షకుడు సంతకం చేయాలి. పాన్ తప్పనిసరి.

మార్జిన్ డబ్బు (బ్రోకర్ అప్పుతో షేర్లు కొనేందుకు ముందుగా కట్టే సొమ్ము) కట్టడానికి, మార్జిన్ కాల్ (ధర పడినప్పుడు బ్రోకర్ ఇంకా కట్టమని అడిగే సొమ్ము) తీర్చడానికి, ఫారెక్స్ ట్రేడింగ్‌కు ఈ దారిలో పంపకూడదు. కొందరు విదేశీ బ్రోకర్లు ఖాతా తెరిచేటప్పుడే మార్జిన్ ఖాతా అంటగడతారు. క్యాష్ ఖాతా కావాలని స్పష్టంగా ఎంచుకోండి. అప్పు తెచ్చిన సొమ్మూ పనికిరాదు. విదేశీ పెట్టుబడికి పంపే డబ్బు కోసం బ్యాంకులు రుణం ఇవ్వకూడదని నియమం ఉంది. నిన్న గోల్డ్ లోన్ జమ అయిన ఖాతా నుంచి ఇవాళ డాలర్లు పంపమంటే అధికారి అడ్డుచెప్పడం సహజం.

ఏ బ్యాంకు, ఏ శాఖ

మన రెండు జిల్లాల వారికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. పెట్టుబడి కోసం పంపే డాలర్లు ఆథరైజ్డ్ డీలర్ కేటగిరీ-1 లైసెన్సు (విదేశీ మారకానికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అనుమతి) ఉన్న బ్యాంకు ద్వారానే వెళ్లాలి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. అక్కడ ఏళ్ల తరబడి ఖాతా ఉన్నవారు చాలామందే. అయినా ఈ పనికి ఆ ఖాతా ఉపయోగపడదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఖాతాదీ అదే పరిస్థితి. పెద్ద ప్రభుత్వ, ప్రైవేటు బ్యాంకుల్లోనూ ప్రతి శాఖలో ఫారెక్స్ డెస్కు ఉండదు. కుప్పంలోనో శ్రీకాళహస్తిలోనో ఫారం తీసుకున్నా, దాన్ని ఫారెక్స్ చూసే మరో శాఖకు పంపుతారు, దానికో రోజు పోతుంది. విదేశానికి డబ్బు పంపమని బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తే ఏ2. ‘ఏ2 ఫారం ఇక్కడే ప్రాసెస్ చేస్తారా?’ అని ముందు ఫోన్‌లో అడగండి. నెట్ బ్యాంకింగ్‌లో ఈ సదుపాయం ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి. చిన్న మొత్తాలకు అది సులువు.

దరఖాస్తుదారు ఆ బ్యాంకులో కనీసం ఏడాదిగా ఖాతా నడుపుతూ ఉండాలన్నది చాలామందికి తెలియని నిబంధన. కొత్త ఖాతాదారు అయితే బ్యాంకు అదనపు పరిశీలన చేయాలి. గత ఏడాదికి పాత బ్యాంకు స్టేట్‌మెంట్, అది లేకపోతే తాజా ఐటీ రిటర్ను, అసెస్‌మెంట్ ఆర్డరు అడుగుతారు. గ్రామీణ బ్యాంకు నుంచి మారేవారు ఆ స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోవాలి. వ్యవసాయ ఆదాయం మీద ఆధారపడినవారు తోతాపురి మామిడికాయ డబ్బును చేతికి తీసుకోకుండా, గుజ్జు ఫ్యాక్టరీ చెల్లింపు ఖాతాలోనే పడేలా చూసుకుంటే సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు స్టేట్‌మెంటే జవాబు చెబుతుంది. మండీలో తీసుకున్న నగదును ఒక్కసారిగా జమ చేసి మరునాడే డాలర్లు అడిగితే ప్రశ్నలు తప్పవు.

ముందు బ్రోకర్ ఖాతా, తర్వాతే బ్యాంకు

డబ్బు పంపే ముందు బ్రోకర్ ఖాతా తెరిచి, నంబరు చేతిలో ఉంచుకోవాలి. పాన్, చిరునామా రుజువు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. అమెరికా బ్రోకర్ అయితే డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం ఇస్తారు. మీరు అమెరికా పన్ను నివాసి కాదని చెప్పే ప్రకటన అది. విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య అన్నచోట పాన్ రాయాలి. పన్ను ఒప్పందం ఉన్న దేశం అన్నచోట భారత్, డివిడెండ్ రేటు 25 శాతం. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండరు సంవత్సరం చివరి వరకే ఇది చెల్లుతుంది. గడువు తీరినా పట్టించుకోకపోతే 25కు బదులు 30 శాతం కోస్తారు. ఆ అదనపు ఐదు శాతానికి మన దగ్గర క్రెడిట్ రాదు.

బ్రోకర్ అమెరికాదైతే అక్కడి బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా నడిపే బ్రోకర్‌చెక్ వెబ్‌సైటులో పేరు వెతకండి. రిజర్వ్ బ్యాంకు ప్రచురించే అనధికార ఫారెక్స్ వేదికల హెచ్చరిక జాబితా కూడా చూడండి. అమెరికా షేర్లు కొనిపెడతాం, రూపాయలు ఈ యూపీఐ ఐడీకి వేయండి అని టెలిగ్రాం గ్రూపులో ఎవరైనా అంటే అది మోసమే. నిజమైన చెల్లింపు మీ ఖాతా నుంచి, మీ ఏ2 సంతకంతో, బ్యాంకు గుండానే వెళ్తుంది.

ఏ2 ఫారం నింపడం

ఏ2 ఫారం, దానితో పాటు ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటన రెండూ కావాలి. చాలా బ్యాంకులు రెంటినీ ఒకే పత్రంగా ఇస్తున్నాయి. నిదానంగా నింపాల్సిన గళ్లు నాలుగు.

ఒకటి, పేరు. తిరస్కరణలకు ఎక్కువగా కారణమయ్యేది ఇదే. మనవాళ్లకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివరికి వెళ్లిపోతుంది. బ్రోకర్ దగ్గర ఉన్న పేరు, డబ్బు పంపిన ఖాతా పేరు కలవకపోతే మూడో వ్యక్తి పంపిన సొమ్ముగా లెక్కించి వెనక్కి పంపేస్తారు. రానుపోను ఛార్జీలు, మారకపు నష్టం మీ మీదే పడతాయి. కాబట్టి ముందు బ్యాంకు ఖాతాలో పేరును పాన్ ప్రకారం సరిచేయించండి. ఉమ్మడి ఖాతా అయితే, పంపేది ఎవరి పాన్ మీదో ఆ పేరే ముందుండాలని కొందరు బ్రోకర్లు పట్టుబడతారు.

రెండు, పర్పస్ కోడ్, అంటే డబ్బు దేనికి పంపుతున్నారో చెప్పే సంకేతం. విదేశీ కంపెనీ షేర్లలో పోర్ట్‌ఫోలియో పెట్టుబడికి ఎస్ 0001. బాండ్లు, రుణపత్రాలకు ఎస్ 0002. అమెరికాలో కొడుకు ఉన్నాడు కదా అని కుటుంబ పోషణ కింద ఎస్ 1301 రాసి, ఆ డబ్బుతో మీ పేరు మీద షేర్లు కొనడం తప్పుడు ప్రకటన అవుతుంది. కౌంటర్‌లో ఎవరైనా ‘ఇదైతే త్వరగా అయిపోతుంది’ అన్నా ఒప్పుకోకండి, సంతకం మీది.

మూడు, ఈ ఆర్థిక సంవత్సరంలో ఇప్పటిదాకా పంపిన మొత్తాలు. ఏ బ్యాంకు నుంచి, ఏ పనికి పంపినా అన్నీ రాయాలి.

నాలుగు, లబ్ధిదారు వివరాలు. బ్రోకర్ బ్యాంకు పేరు, స్విఫ్ట్ కోడ్ (అంతర్జాతీయ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే సంకేతం), బ్రోకర్ ఖాతా నంబరు ఒక చోట. మీ సొంత ట్రేడింగ్ ఖాతా నంబరు ‘ఫర్దర్ క్రెడిట్’ లేదా రిమార్కుల గడిలో. ఈ రెండోది మరిచిపోతే డబ్బు బ్రోకర్ దాకా చేరుతుంది గానీ ఎవరిదో తెలియక పక్కన ఉండిపోతుంది. ఛార్జీల దగ్గర ‘అవర్’ ఎంచుకుంటే దారిలోని బ్యాంకుల రుసుములన్నీ మీరే ఇక్కడ కట్టేస్తారు, అవతల పూర్తి మొత్తం చేరుతుంది. ‘షేర్డ్’ అయితే మధ్యవర్తి బ్యాంకు కొన్ని డాలర్లు కోసుకుంటుంది. పని అయ్యాక బ్యాంకు పంపిన స్విఫ్ట్ సందేశం ప్రతి అడిగి తీసుకోండి. డబ్బు జాడ తీయాల్సి వస్తే అదొక్కటే ఆధారం.

ఖర్చు ఎక్కడ పడుతుంది

బ్యాంకు మీకు వేసేది టీటీ సెల్లింగ్ రేటు, అంటే బ్యాంకు డాలర్లు అమ్మే రేటు. ఫోన్‌లో కనిపించే మార్కెట్ రేటు కాదు. డాలరుకు 40 పైసలు తేడా ఉన్నా 8,000 డాలర్ల మీద 3,200 రూపాయలు పోతాయి. మార్కెట్ కల్లోలంగా ఉన్న రోజు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పెద్ద మొత్తమైతే రేటు బేరమాడవచ్చు, అడిగితే కొన్ని పైసలు తగ్గిస్తారు. మారకం సేవ మీద జీఎస్టీ స్వల్పమే: లక్ష రూపాయలకు 180, తొమ్మిది లక్షలకు 900.

టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే ముందస్తు పన్ను) మాత్రం బరువైనది. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఏడాదిలో 10 లక్షలు దాటిన పెట్టుబడి సొమ్ము మీద 20 శాతం వసూలు చేస్తున్నారు. 14 లక్షలు పంపితే పైనున్న నాలుగు లక్షల మీద 80,000. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమగా ఇంతకాలం 26ఏఎస్‌గా ఉన్న పన్ను జమల పట్టికలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. ఉద్యోగులు యజమానికి వివరాలిచ్చి జీతంలో టీడీఎస్ తగ్గించుకోవచ్చు. కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. పైగా ఈ 10 లక్షల గీత అన్ని అవసరాలకూ కలిపి. తిరుపతిలో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల అమెరికా ఫీజు తమ పాన్ మీదే పంపుతారు. ఆ ఫీజే 10 లక్షలు దాటితే, తర్వాత షేర్లకు పంపే మొదటి రూపాయి మీదే 20 శాతం పడుతుంది. భార్యకు సొంత ఆదాయం ఉంటే ఆమె పాన్ మీద, ఆమె పేరునే పెట్టుబడి పెట్టడం సరైన దారి. భర్త ఇచ్చిన డబ్బుతో కొంటే లాభం భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

టెలికాం షేరు ఎంచుకునేటప్పుడు

మార్కెట్ పడుతుంటే టెలికాం వైపు చూడటానికి కారణముంది. జనం ఫోన్ బిల్లు కట్టడం మానరు, డివిడెండ్ వస్తుంటుంది. అయితే డివిడెండ్ శాతం ఎక్కువగా కనిపించడమే భద్రత అనుకోకూడదు. ఏటీ అండ్ టీ 2022లో తన మీడియా విభాగం వార్నర్‌మీడియాను వేరుచేస్తూ ఏడాది డివిడెండ్‌ను షేరుకు 2.08 డాలర్ల నుంచి 1.11కు తగ్గించింది. బ్రిటన్ కంపెనీ వోడాఫోన్ 9 యూరో సెంట్ల నుంచి 4.5కు కోసింది. ఈ వ్యాపారంలో స్పెక్ట్రం (ఫోన్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాలు) కొనడానికే అపారమైన అప్పు కావాలి. 2021లో సీ-బ్యాండ్ అనే స్పెక్ట్రం వేలంలో వెరైజన్ ఒక్కటే 4,500 కోట్ల డాలర్లకు పైగా పాడింది. వడ్డీ రేట్లు పెరిగితే అప్పు భారమూ పెరుగుతుంది, షేరూ తగ్గుతుంది. డివిడెండ్‌ను లాభంతో కాక, పెట్టుబడి ఖర్చులు పోగా మిగిలే నగదుతో పోల్చి చూడండి.

దేశాన్ని బట్టి పన్ను కోత కూడా మారుతుంది. అమెరికా కంపెనీ డివిడెండ్‌లో 25 శాతం అక్కడే పోతుంది. బ్రిటన్‌లో డివిడెండ్ మీద కోత లేదు, సింగపూర్‌లోనూ లేదు. జర్మనీలో కంపెనీల డివిడెండ్ మీద సాధారణంగా 26.375 శాతం కోస్తారు. ఒప్పందం ప్రకారం పడాల్సింది 10 శాతమే గానీ, మిగతాది వాపసు తెచ్చుకోవడానికి పడే శ్రమ చిన్న మొత్తాలకు గిట్టదు.

ఆర్డర్ వేయడం

అమెరికా మార్కెట్ మనకు వేసవిలో రాత్రి 7 నుంచి 1.30 వరకు, నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 8 నుంచి 2.30 వరకు. తొలి పావుగంటలో ధరలు ఎగిరెగిరి పడతాయి. మార్కెట్ ఆర్డర్ వేయకుండా, ఇచ్చే ధర మీరే నిర్ణయించే లిమిట్ ఆర్డర్ వేయండి. అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఒక్కరోజులో 7 శాతం పడితే ట్రేడింగ్ పావుగంట ఆగుతుంది, 13 శాతం దగ్గర మరోసారి ఆగుతుంది, 20 శాతం పడితే ఆ రోజుకు మూసేస్తారు. 2020 మార్చిలో 9, 12, 16, 18 తేదీల్లో ఇలా ఆగింది. అలాంటప్పుడు ఆర్డర్ కదలకపోతే యాప్ చెడిపోయిందనుకుని రెండోసారి నొక్కకండి. పంపిన డబ్బంతా ఒకేరోజు పెట్టకుండా మూడు నాలుగు విడతలుగా కొనడం మంచిది. అయితే ఖాతాలో ఊరికే ఉంచడానికీ హద్దుంది: వాడని విదేశీ సొమ్మును 180 రోజుల్లోగా వెనక్కి తేవాలి.

రిటర్ను, అమ్మకం

ఒక్క విదేశీ షేరున్నా ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-2 లేదా 3లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అందులో అడిగేది క్యాలెండరు సంవత్సరం లెక్క, ఆర్థిక సంవత్సరం కాదు. ఫిబ్రవరిలో కొన్నది ఆ మార్చితో ముగిసే ఏడాది రిటర్నులోని ఎఫ్‌ఏలో రాదు, తర్వాతి దానిలో వస్తుంది. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా మినహాయించారు గానీ, చూపించే బాధ్యత పోలేదు. డివిడెండ్ మొత్తాన్ని, కోతకు ముందున్న లెక్కతో, ఇక్కడి ఆదాయంలో కలపాలి. అక్కడ కోసిన పన్నుకు క్రెడిట్ రావాలంటే ఇంతకాలం ఫారం 67గా ఉన్న విదేశీ పన్ను క్రెడిట్ ఫారాన్ని ఆన్‌లైన్‌లో వేయాలి.

24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకు ముందైతే మీ శ్లాబు రేటు. రూపాయల్లోకి మార్చడానికి, అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజు నాటి స్టేట్ బ్యాంకు టీటీ బయ్యింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి. ఆ రేటును ఏ రోజుకారోజు దాచుకోకపోతే తర్వాత వెతకడం కష్టం.

అమెరికా కంపెనీల షేర్లు 60,000 డాలర్లు దాటినవారు ఇంకొకటి చూసుకోవాలి. యజమాని చనిపోతే ఆ షేర్ల మీద అక్కడ ఎస్టేట్ పన్ను ఉంది, రేటు 40 శాతం దాకా వెళ్తుంది, మనకు ఆ పన్ను మీద ఒప్పందం లేదు. ఖాతా నంబరు, బ్రోకర్ పేరు, స్విఫ్ట్ ప్రతులు, డబ్ల్యూ-8 బెన్ నకలు ఒక ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. వెనక్కి తెచ్చే డబ్బు కూడా మొదట పంపిన ఖాతాలోకే రప్పించుకుంటే పాత ఏ2 చూపగానే బ్యాంకు త్వరగా జమ చేస్తుంది.